పరిచయాల బ్లాక్ మార్కెట్

లింక్డిన్‌లో ఒక మనిషి వారానికి ఎంతమందికి కనెక్షన్ రిక్వెస్టులు పంపవచ్చో ఆ సంస్థ అంకె వేసి చెప్పదు. సుమారు వంద అని వాడేవాళ్లే దెబ్బలు తిని తేల్చుకున్నారు. ఈ వారం కోటా 2021లో వచ్చింది. అంతకు ముందు ఒక్క రోజులో వందమందికి పంపినా పెద్దగా అడిగేవారు లేరు. ఇప్పుడు కోటా నిండగానే తెర మీద ఒక నోటీసు పడుతుంది, ఈ వారానికి ఇంతే, వచ్చే వారం ప్రయత్నించమని. ఎంత వాడుకున్నాం, ఎంత మిగిలింది, పక్కవాడికి ఇంకా నడుస్తుంటే మనకెందుకు ఆగింది అన్న లెక్కలేవీ అందులో ఉండవు.

బయటికి చెప్పని ఈ అంకె చుట్టూ ఒక వ్యాపారం లేచింది. గేటు తప్పించి లోపలికి పంపిస్తామనే సాఫ్ట్‌వేర్లు, ఏజెన్సీలు, ఆ విద్య నేర్పే కోర్సులు, చివరికి అద్దె ఖాతాలు. కొనేవాళ్లలో అమెరికా కంపెనీల సేల్స్ విభాగాలున్నాయి, బెంగళూరు స్టార్టప్‌లున్నాయి, హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులు నడిపే కన్సల్టెన్సీలున్నాయి. ఖాతాలు అప్పగించి నష్టపోతున్నది ఎక్కువగా ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్లు. దొంగదారి తవ్వినవాళ్లను ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. కానీ మొదటి ముద్దాయిగా బోనెక్కాల్సింది గేటు పెట్టి, అంకె దాచి, పాసులు అమ్ముతున్న సంస్థే.

ముందు ఈ దందా ఎలా సాగుతుందో చూద్దాం. మొదట్లో మార్కెటింగ్ వాళ్లు పట్టుకున్న కన్నం ఈమెయిల్. అవతలి మనిషి ఈమెయిల్ అడ్రస్ తెలిస్తే ఆ ఆహ్వానం కోటాలో పడేది కాదు. ఎక్కడెక్కడో కొన్న వేలాది అడ్రస్‌ల జాబితాను ఎక్కించి, తమకు వీళ్లంతా తెలుసన్నట్టు పంపేవారు. ఆ కన్నం ఇరుకయ్యాక గ్రూపుల మీద పడ్డారు. ఒకే గ్రూపులో సభ్యులైతే కనెక్షన్ లేకుండానే మెసేజ్ పంపే వీలుంది. ఆన్‌లైన్ ఈవెంట్‌కు పేరిచ్చినవాళ్ల విషయంలోనూ అదే వెసులుబాటు వెతికారు. సెమినార్‌కు వెళ్దామని పేరు నమోదు చేసుకున్న మనిషికి, సెమినార్ మొదలుకాకముందే బీమా పాలసీ నుంచి క్లౌడ్ సర్వీసుల దాకా అమ్మజూపే మెసేజ్‌లు రావడం వెనుక కథ ఇదే.

తర్వాత బాట్లు వచ్చాయి. మొదటి తరం బాటు బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్. గంటకు వంద క్లిక్కులు కొట్టి తేలిగ్గా దొరికిపోయేది. ఇప్పటి తరం సర్వర్లలో కూర్చుని, సభ్యుడి పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, ఒక్కో రిక్వెస్ట్‌కు మధ్య వేర్వేరు వ్యవధి ఇస్తుంది. ఆఫీసు వేళల్లో మాత్రమే పని చేస్తుంది, మధ్యాహ్నం కాసేపు ఆగుతుంది, ఆదివారం సెలవు తీసుకుంటుంది. మన దగ్గర చాలామంది ఉద్యోగులకు దొరకని భోజన విరామం బాటుకు దొరుకుతోంది. కొత్త ఖాతాను మొదటి రోజే ఉరికిస్తే సంస్థకు అనుమానం వస్తుందని కొన్ని వారాలపాటు మెల్లగా అలవాటు చేస్తారు. రోజుకు నాలుగు లైకులు, రెండు కామెంట్లు, అయిదు రిక్వెస్టులు. ఈ రంగంలో దీన్ని వార్మప్ అంటారు.

అయినా ఒక ఖాతాకు వంద అన్న గోడ గోడే. దాన్ని దాటడానికి మిగిలింది ఒకటే దారి, ఖాతాల సంఖ్య పెంచడం. పది ఖాతాలుంటే వారానికి వెయ్యిమంది. ఆ పది ఖాతాలు ఎక్కడివి?

2022 మార్చిలో అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ ఒక కథనం ప్రసారం చేసింది. అప్పట్లో స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీలో పనిచేస్తున్న రెనే డిరెస్టాకు లింక్డిన్‌లో ఒక సేల్స్ మెసేజ్ వచ్చింది. పంపినామె ఫొటోలో చెవిపోగు ఒకవైపే ఉంది, కళ్లు సరిగ్గా చిత్రం మధ్యలో గీత గీసినట్టున్నాయి. అది కంప్యూటర్ పుట్టించిన ముఖం. అనుమానంతో డిరెస్టా, సహపరిశోధకుడు జోష్ గోల్డ్‌స్టీన్ తీగ లాగితే అలాంటి ముఖాలున్న ప్రొఫైళ్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. తాము ఫలానా కంపెనీల్లో పనిచేస్తున్నామని అవి చెప్పుకున్నాయి. అలా పేర్లు వాడుకున్న కంపెనీలు 70కి పైనే. ఇది గూఢచారుల పన్నాగమూ కాదు, ఎన్నికల ప్రచారమూ కాదు. అంతా అమ్మకాల పనే. సేల్స్ సిబ్బందిని పెంచకుండా, లింక్డిన్ పెట్టిన మెసేజ్ పరిమితులకు తగలకుండా, ఎక్కువమందిని పలకరించడానికి కంపెనీలు బయటి మార్కెటింగ్ ఏజెన్సీలకు డబ్బిచ్చాయి. ఏజెన్సీలు మనుషుల్ని తయారు చేశాయి. ఆ కథనంలో ఢిల్లీ సంస్థ ఒకటి కూడా ఉంది. సిద్ధంగా ఉన్న ఏఐ ముఖాలను నెలకు 300 డాలర్ల లెక్కన అద్దెకిస్తామని అది ప్రకటించుకుంది.

పేర్లు బయటికొచ్చాక కంపెనీలు ఏం చెప్పాయో ఊహించడం కష్టం కాదు. ఏజెన్సీ ఏం చేస్తోందో మాకు తెలియదన్నాయి. లింక్డిన్ ఆ ప్రొఫైళ్లలో నిబంధనలు మీరినవాటిని తొలగించింది. వ్యాపారం మాత్రం ఆగలేదు.

అసలు పరిచయాల కోసం ఈ ఆకలిని పెంచిందెవరు? లింక్డిన్ 2003 మే నెలలో జనం ముందుకొచ్చింది. సభ్యులను పెంచుకోవడానికి అది ఎంచుకున్న మార్గం సభ్యుల ఈమెయిల్ అడ్రస్ పుస్తకాలు. మీ పరిచయస్తులను చేర్చుకోండని అడిగి, అనుమతి తీసుకుని, ఆ అడ్రస్‌లన్నిటికీ సభ్యుడి పేరు మీదే ఆహ్వానాలు పంపింది. అంతటితో ఆగినా బాగుండేది. స్పందించనివాళ్లకు మళ్లీ ఒకటి, ఆపైన ఇంకొకటి, గుర్తుచేసే ఉత్తరాలు వెళ్లాయి, అవీ సభ్యుడి పేరు మీదే. పాత బాసుకు, విడిపోయిన భార్యకు, ఎన్నడో ఇల్లు అద్దెకడిగిన యజమానికి మనమే పదే పదే బతిమాలుతున్నట్టు ఉత్తరాలు వెళితే ఎంత తలవంపులో వేరే చెప్పాలా? 2013లో సభ్యులు కాలిఫోర్నియా కోర్టుకెక్కారు. మొదటి ఉత్తరానికి అనుమతి ఉందిగానీ గుర్తుచేసే ఉత్తరాలకు అనుమతి ఉందని చెప్పలేమని జడ్జి లూసీ కో కేసును ముందుకు నడిపించారు. 2015లో లింక్డిన్ తప్పు ఒప్పుకోకుండానే 1.3 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడింది.

అంటే పరిచయం లేనివాళ్ల తలుపు మళ్లీ మళ్లీ తట్టే అలవాటు బాట్లు కనిపెట్టింది కాదు. సంస్థ తన ఎదుగుదలకు వాడుకున్న పద్ధతే అది. దానికి తోడు ప్రొఫైల్ మీద 500+ అన్న గుర్తు ఒకటి. కనెక్షన్లు 499 ఉంటే 499 అనే చూపిస్తుంది, ఆపైన ఎన్ని ఉన్నా 500+ అంటుంది. ఆ ప్లస్ గుర్తు కోసం ఎంతమంది ఎంతమంది ముక్కూమొహం తెలియనివాళ్లకు రిక్వెస్టులు పెట్టారో! ఎవరు అడిగినా ఒప్పుకుంటామని ప్రకటించుకునే సభ్యుల గుంపు ఒకటి అప్పట్లోనే తయారై, పేర్ల చివర లయన్ అని తగిలించుకునేది. సంస్థ చూస్తూ ఊరుకుంది. సభ్యుల సంఖ్య పెరుగుతున్నంత కాలం ఈ జాతర దానికి ఇంపుగానే ఉంది. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొన్నది ఇలా అల్లుకున్న వలనే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, సభ్యులు వంద కోట్ల వైపు వెళుతుంటే ఇక ఎవరు పడితే వాళ్లు ఎవర్ని పడితే వాళ్లను పలకరించకూడదన్న జ్ఞానోదయం కలిగింది.

ఆ జ్ఞానోదయంలోనూ లెక్క ఉంది. అపరిచితుడికి నేరుగా మెసేజ్ పంపే ఇన్‌మెయిల్ సౌకర్యం డబ్బు కట్టినవారికి ఉంటుంది. రిక్వెస్ట్‌తోపాటు నాలుగు మాటలు రాసే అవకాశాన్ని ఉచిత ఖాతాలకు నెలకు కొన్నిటికే కుదించారు. నేనెవరిని, మీకెందుకు రాస్తున్నాను అని చెప్పుకోవడమే కదా మర్యాదైన పరిచయం? ఆ మర్యాదకు కోత పెట్టారు. చందా కట్టినవాళ్లకు ఈ కోత లేదు, రాసుకునే అక్షరాలు కూడా ఎక్కువ. అపరిచితుల వేధింపును ఆపడమే ఉద్దేశమైతే, మాటలతో వచ్చే రిక్వెస్ట్‌ను ప్రోత్సహించి మూగ రిక్వెస్ట్‌ను అడ్డుకోవాలి. జరిగింది దీనికి తలకిందులు.

ఇంకో చిన్న విషయం చూడండి. రిక్వెస్ట్ అందుకున్నవాళ్లలో ఎక్కువమంది 'ఈ వ్యక్తి నాకు తెలియదు' అని నొక్కితే, పంపినవాడి మీద ఆంక్ష పడుతుంది. అప్పటినుంచి ఎవరికి పంపాలన్నా వారి ఈమెయిల్ ఇవ్వమని అడుగుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. ఆచరణలో పెద్ద కంపెనీ బాటు దగ్గర కొన్న ఈమెయిల్ జాబితా సిద్ధంగా ఉంటుంది. నరసరావుపేటలో బీటెక్ పూర్తిచేసి, తనకు తెలిసినవాళ్లెవరూ ఏ కంపెనీలోనూ లేక, హెచ్‌ఆర్ మేనేజర్లకు ఒక్కొక్కరికీ చేత్తో రిక్వెస్ట్ పెట్టుకున్న అమ్మాయి దగ్గర ఏముంటుంది?

తెలుగువాళ్లకు ఈ వ్యవహారంలో ప్రత్యేకమైన వాటా ఉంది. అమెరికాలో మన పిల్లలు వేలల్లో కన్సల్టెన్సీల మీద ఆధారపడి బతుకుతున్నారు. ప్రాజెక్ట్ అయిపోయి ఖాళీగా ఉన్న కన్సల్టెంట్‌ను బెంచ్ మీద ఉన్నాడంటారు. అతణ్ని ప్రాజెక్టులు చూపే వెండర్ల దగ్గర మార్కెట్ చేసే పని బెంచ్ సేల్స్. అమీర్‌పేట, కూకట్‌పల్లి, మాదాపూర్ మొదలు విజయవాడ, విశాఖ దాకా ఈ ఆఫీసులున్నాయి. సాయంత్రం షిఫ్ట్ మొదలవగానే శ్రీనివాస్ స్టీవ్ అవుతాడు, కల్యాణి కేటీ అవుతుంది. వాళ్ల చేతిలో ఉండే పెట్టుబడి వెండర్ల పరిచయాలే. ఖాళీగా ఉన్నవాళ్ల జాబితాను, అంటే హాట్‌లిస్ట్‌ను, రోజూ పంపాలి, ఇన్ని సబ్మిషన్లు చూపించాలి, లేకపోతే జీతంలో కోత. వారానికి వంద రిక్వెస్టులతో ఆ టార్గెట్ అందదు. అందుకని ఒక్కో రిక్రూటర్ వెనుక నాలుగైదు ప్రొఫైళ్లు. కొన్ని కల్పితం, కొన్ని ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లవి, కొన్ని బెంచ్ మీదున్న అభ్యర్థులవే. 'మీ లింక్డిన్ మేమే చూసుకుంటాం, పాస్‌వర్డ్ ఇవ్వండి' అంటారు. అభ్యర్థికి గత్యంతరం లేదు. చదువు పూర్తయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్న విద్యార్థికి మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండే వీలు లేదు. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉండి ఉద్యోగం పోయినవారికి మామూలుగా 60 రోజుల గడువు. ఆ గడియారం వినిపిస్తున్న మనిషి పాస్‌వర్డ్ ఇవ్వడానికి తటపటాయిస్తాడా?

ఇచ్చాక ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అతని పేరుతో, అతని ఫొటోతో వందలమందికి మెసేజ్‌లు వెళతాయి. అనుభవం నాలుగేళ్లది ఎనిమిదేళ్లవుతుంది. ఏదో ఒకరోజు సంస్థ ఖాతాను ఆపేస్తుంది. కన్సల్టెన్సీ ఇంకో ప్రొఫైల్‌కు మారిపోతుంది. అసలు మనిషికి మిగిలేది మూతపడ్డ గుర్తింపు. ఇదంతా ఉద్యోగంతో తెగే సంగతి కూడా కాదు. అమెరికా వీసా దరఖాస్తులో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచి అడుగుతున్నారు, ఆ జాబితాలో లింక్డిన్ కూడా ఉంది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకు ఆ ఖాతాలను బహిరంగంగా ఉంచమంటున్నారు. ఎవరో నడిపిన ఖాతాలో ఎవరో పెంచిన అనుభవానికి కాన్సులేట్ కిటికీ దగ్గర జవాబు చెప్పాల్సింది ఆ కుర్రాడే.

ఖాతాలను నేరుగా అద్దెకు తీసుకునే బేరం ఇంకా పచ్చిగా ఉంటుంది. నెలకు ఇంత ఇస్తాం, పాతబడిన నిజమైన ప్రొఫైల్ కావాలంటారు. ఏఐ ముఖాలను పసిగట్టడం సంస్థ నేర్చుకున్నకొద్దీ నిజమైన మనిషి ఖాతాకు గిరాకీ పెరిగింది. చదువుకునే పిల్లలకు అది పాకెట్ మనీలా కనిపిస్తుంది. వేరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం మన ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద, వేరొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేయడం 66డి కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరాలు. తన ఖాతాతో ఎవరైనా ఉద్యోగ మోసం చేస్తే పోలీసులు ముందుగా వచ్చేది ప్రొఫైల్ మీద ఉన్న పేరు వెతుక్కుంటూనే అని ఆ పిల్లలకు చెప్పేవాళ్లేరీ? చెప్పాల్సిన కాలేజీల్లో కొన్ని 500+ కనెక్షన్లు తెచ్చుకోవడాన్ని ప్లేస్‌మెంట్ శిక్షణలో టార్గెట్‌గా పెడుతున్నాయి.

సంస్థ చేతులు ముడుచుకుని కూర్చోలేదనేవాళ్లుంటారు. నిజమే. తన వివరాలను ఎవరైనా ఎత్తుకుపోతే అది కోర్టు మెట్లెక్కుతుంది. హైక్యూ ల్యాబ్స్ అనే కంపెనీతో 2017 నుంచి అయిదేళ్లు పోరాడింది. బహిరంగంగా ఉన్న ప్రొఫైళ్లను బాట్లతో కాపీ చేయడం, కూలికి మనుషుల్ని పెట్టి నకిలీ ఖాతాలు తెరిపించడం సంస్థతో ఉన్న ఒప్పందాన్ని ఉల్లంఘించడమేనని 2022 నవంబర్‌లో తీర్పు వచ్చింది. డిసెంబర్‌లో హైక్యూ 5 లక్షల డాలర్ల తీర్పుకు ఒప్పుకుంది. 2025 జనవరిలో లింక్డిన్ ప్రాక్సీకర్ల్ అనే కంపెనీ మీద దావా వేసింది, లక్షల సంఖ్యలో నకిలీ ఖాతాలు సృష్టించిందని ఆరోపించింది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ కంపెనీ మూతపడింది. అంటే శక్తి ఉంది, లాయర్లున్నారు, ఇష్టముంటే ఆరు నెలలు చాలు. ఆ పట్టుదల తన డేటా పోయినప్పుడు వస్తుంది. సభ్యులను రోజూ విసిగిస్తూ, వాళ్ల పేర్లను అద్దెకు తిప్పుతూ, ప్రకటనలిచ్చి మరీ అమ్ముకుంటున్న సాధనాల విషయంలో ఖాతాల మీద వేటు వేయడంతో సరిపెడుతుంది. వేటు పడేది వాడినవాడి మీద. అమ్మినవాడు పేరు మార్చుకుని మళ్లీ దుకాణం తెరుస్తాడు.

మన చట్టం ఏం చేస్తుందంటే, పెద్దగా ఏమీ చేయదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషి తానే బహిరంగపరచిన వివరాలకు వర్తించదు. ఉద్యోగం కోసం ప్రొఫైల్‌ను అందరికీ కనిపించేలా పెట్టుకోక తప్పదు. పెట్టుకున్నాక ఆ వివరాలను ఎవరు ఏరుకుపోయి జాబితాలుగా అమ్మినా ఈ చట్టం కింద అడగడం కష్టం. పార్లమెంటు ఈ మినహాయింపును తిరగదోడాలి.

పరిమితి అసలు వద్దనేవారి వాదన కూడా విందాం. తండ్రికో మామకో కంపెనీల్లో పరిచయాలున్నవాడికి రిక్వెస్టులు అక్కర్లేదు, ఎవరూ లేనివాడికే కావాలి, కాబట్టి కోటా పేదవాణ్ని కొడుతుందంటారు. ఈ మాటలో పస ఉంది. కానీ కోటా ఎత్తేస్తే లాభపడేది ఆ పేదవాడు కాదు. చేత్తో రాసుకునేవాడు వారానికి వందమందికి ఆలోచించి రాయగలడా? వంద అతనికి ఎక్కువే. కోటా లేని రోజున మేనేజర్ ఇన్‌బాక్స్‌లో బాట్ల వరద కింద అతని ఉత్తరం కనిపించకుండా పోతుంది. రైల్వే తత్కాల్ టికెట్ల సంగతి మనకు తెలియంది కాదు. కిటికీ తెరిచిన నిమిషంలో సాఫ్ట్‌వేర్లు సీట్లన్నీ ఊడ్చుకుపోతుంటే మామూలు ప్రయాణికుడు చక్రం తిరగడం చూస్తూ కూర్చునేవాడు. 2025లో రైల్వే 2.5 కోట్లకు పైగా యూజర్ ఐడీలను మూసేసి, జూలై నుంచి తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేయాల్సి వచ్చింది. అక్కడా సమస్య కోటా ఉండటం కాదు, దాన్ని ఎవరు తింటున్నారో చూడకపోవడం.

అందువల్ల లింక్డిన్ చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. కోటా ఎంతో ప్రకటించాలి, ఎంత వాడారో ప్రతి సభ్యుడికీ కనిపించేలా పెట్టాలి. పంపినవాటిలో ఎన్నిటికి జవాబు వచ్చిందన్నదాన్ని బట్టి కోటా పెంచుతుంటే ఆ సంగతీ చెప్పాలి. రిక్వెస్ట్‌తో మాట రాసే సౌకర్యం ఉచిత ఖాతాలకు తిరిగివ్వాలి. 500+ గుర్తును తీసేయాలి, దానివల్ల ఎవరికీ ఉద్యోగం రాదు. ఖాతా ఆపినప్పుడు కారణం రాతపూర్వకంగా ఇచ్చి, మనిషి చూసే అప్పీలు ఉంచాలి. ఉద్యోగం వెతుక్కునేవాడికి రెండు వారాల మౌనం చిన్న శిక్ష కాదు. అద్దె ఖాతాలతో, కల్పిత ముఖాలతో లాభపడ్డ కంపెనీ ఏదో తేలినప్పుడు ఆ కంపెనీ పేజీని, ప్రకటనలను, నియామకాల లైసెన్సులను ఆపాలి. ఏజెన్సీ చేసిందంటే వదిలేయకూడదు. డబ్బిచ్చింది ఎవరన్నదే చూడాలి. అవి డబ్బు కట్టే ఖాతాదారులు కాబట్టే ఇన్నాళ్లూ చూడలేదని మేం అంటే, కాదని నిరూపించే బాధ్యత సంస్థది. లింక్డిన్‌కు అమెరికా తర్వాత అంత పెద్ద మార్కెట్ భారతదేశం. లింక్డిన్‌ను కొన్న మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పెరిగినవారు, ఉద్యోగాల వేటలో మన పిల్లల ఆదుర్దా ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు.

కాలేజీలు ఈ విద్యా సంవత్సరం నుంచే ప్లేస్‌మెంట్ శిక్షణలో కనెక్షన్ల టార్గెట్‌ను ఎత్తేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల సైబర్ పోలీసు విభాగాలు ఉద్యోగ మోసాలపై ఇచ్చే హెచ్చరికల్లో ఖాతా అద్దె గురించి కూడా చేర్చాలి. ఇక డబ్బుకో ఉద్యోగం ఆశకో లింక్డిన్ పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చిన యువతీయువకులకు ఒక మాట. పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి, సెట్టింగ్స్‌లో ఇప్పుడు ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి అన్నిటినీ తెంచేయండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి, మీ పేరుతో వెళ్లిన మెసేజ్‌లను ఒకసారి చదవండి.